గైర్హాజరు ఓటు: అమెరికా రాష్ట్రాల రాజ్యాంగ సవరణలు, 1862-2024

పరిచయం

2024 సాధారణ ఎన్నికల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో 85 ఏళ్లు పైబడిన వృద్ధులు, 40 శాతం అంతకుమించి వైకల్యం ఉన్నవారు కోరుకుంటే ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కలిగింది. ముందుగా 12-డి ఫారం నింపి ఇస్తే పోలింగ్ సిబ్బంది బృందం ఇంటికి వచ్చి బ్యాలెట్ ఇచ్చి, ఓటు వేయించుకుని తీసుకువెళ్ళింది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో దీన్ని మీరు చూసి ఉండవచ్చు. ఈ ఏర్పాటు కోసం భారత రాజ్యాంగంలో ఒక్క మాట కూడా మార్చవలసిన అవసరం రాలేదన్న విషయం గమనించండి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాలను కేంద్ర ప్రభుత్వం 2019లో సవరించి 80 ఏళ్లు దాటిన వారికి ఈ వీలు కల్పించింది. 2024 మార్చిలో అవే నియమాలను మళ్ళీ సవరించి ఆ వయస్సును 85కు పెంచింది. రెండూ నియమాల సవరణలే. ఇచ్చినప్పుడూ, కొంత వెనక్కు తీసుకున్నప్పుడూ ఎవరూ ప్రజల ఆమోదం అడగలేదు.

ఇలాంటి పనికే అమెరికాలోని కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం రాజ్యాంగాన్ని సవరించవలసి వచ్చింది. అక్కడి ఓటర్లు 2014లో ఒకసారి కాదన్నారు. పదేళ్ల తరవాత, 2024లో, అవునన్నారు. ఒక ఓటరు పోలింగ్ కేంద్రానికి రాకుండా ఓటు వేయడమనే చిన్న విషయం రాజ్యాంగం దాకా ఎందుకు వెళ్ళింది? దీనికి జవాబు 1860ల నాటి అంతర్యుద్ధంలో ఉంది. ఈ పాఠంలో మనం అక్కడి నుంచే మొదలుపెడతాం.

రెండు మాటలకు ముందుగా అర్థం తెలుసుకోండి. ఎన్నిక రోజున పోలింగ్ కేంద్రానికి స్వయంగా రాకుండా, ముందుగా తెప్పించుకున్న బ్యాలెట్ పత్రంపై వేసే ఓటును గైర్హాజరు ఓటు అంటారు. ఊళ్ళో లేకపోవడం, జబ్బు వంటి కారణం చూపితేనే ఆ బ్యాలెట్ ఇచ్చే పద్ధతి ఒకటి. కారణం అడగకుండా ఏ ఓటరుకైనా ఇచ్చే పద్ధతి మరొకటి. మొదటి పద్ధతి నుంచి రెండోదానికి సాగిన ప్రయాణమే మన పాఠ్యాంశం.

రాష్ట్రానికొక రాజ్యాంగం

మన దేశంలో రాష్ట్రాలకు వేరే రాజ్యాంగాలు లేవు. 327వ అధికరణ ప్రకారం ఎన్నికలకు సంబంధించిన విషయాలపై పార్లమెంటు చట్టాలు చేయగలదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 60వ సెక్షన్ కొన్ని తరగతుల ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ ఇవ్వడానికి దారి ఏర్పరచింది. ఆ పైన నియమాలు చాలు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 50 రాష్ట్రాలకు 50 రాజ్యాంగాలున్నాయి. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణలోని నాలుగో విభాగం కాంగ్రెస్ ఎన్నికల కాలం, స్థలం, విధానం నిర్ణయించే పనిని ముందుగా రాష్ట్ర శాసనసభలకే అప్పగించింది. వాటిని మార్చే అధికారాన్ని మాత్రం కాంగ్రెస్ దగ్గర ఉంచింది. రాష్ట్ర శాసనసభ ఎన్నికల చట్టం చేసేటప్పుడు తన రాష్ట్ర రాజ్యాంగాన్ని దాటిపోకూడదు. ఆ రాజ్యాంగాలు నిడివిగా ఉంటాయి. మన దగ్గర నియమాల్లో ఉండే వివరాలు అక్కడ చాలాచోట్ల రాజ్యాంగంలోనే ఉంటాయి. ఓటరుకు ఎంత వయస్సు ఉండాలి, ఎన్నాళ్లు నివసించి ఉండాలి, ఎక్కడ ఓటు వేయాలి అన్నవి అందులోనే రాసి ఉంటాయి. అలా రాసిన ఒక మాటను న్యాయస్థానం బిగువుగా అర్థం చేసుకుంటే శాసనసభ చేతులు కట్టేసినట్లవుతుంది. అప్పుడు మిగిలే దారి సవరణ ఒక్కటే.

పెన్సిల్వేనియా సైనికులు, 1862

1861 అక్టోబరులో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లుజర్న్ కౌంటీలో జిల్లా అటార్నీ పదవికి ఎన్నిక జరిగింది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. జిల్లా అటార్నీ అంటే ప్రభుత్వం తరఫున నేర విచారణలు నడిపే న్యాయవాది. చేజ్, మిల్లర్ అనే ఇద్దరు పోటీ చేశారు. అంతర్యుద్ధం మొదలై అప్పటికి ఆరు నెలలు. ఆ కౌంటీ యువకులు చాలామంది సైన్యంలో చేరి దూరంగా శిబిరాల్లో ఉన్నారు. 1839 నాటి ఒక రాష్ట్ర చట్టం ప్రకారం వారు ఉన్నచోటే ఓటు వేశారు. ఆ ఓట్లు కలిపితే మిల్లర్ గెలుస్తాడు, తీసేస్తే చేజ్ గెలుస్తాడు. వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది.

1862 మేలో తీర్పు వచ్చింది. రాసినవారు న్యాయమూర్తి జార్జ్ వుడ్‌వర్డ్. 1838లో సవరించిన పెన్సిల్వేనియా రాజ్యాంగం ప్రకారం ఓటరు తాను ఏ ఎన్నికల ప్రాంతంలో ఓటు వేయజూపుతాడో ఆ ప్రాంతంలో ఎన్నికకు ముందు పది రోజులు నివసించి ఉండాలి. ఈ ‘ఓటు వేయజూపడం’ అనే మాట మీదే తీర్పంతా నిలబడింది. వేయజూపడమంటే నియమించిన స్థలానికి, నియమించిన సమయానికి స్వయంగా వచ్చి, తన చేత్తో బ్యాలెట్ అందించడమే అని కోర్టు అర్థం చెప్పింది. కాబట్టి వర్జీనియా శిబిరంలో వేసిన ఓటు లుజర్న్ ఓటు కాదు. 1839 చట్టం చెల్లదు, సైనికుల ఓట్లు చెల్లవు.

ఆ వాక్యం రాజ్యాంగంలోకి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవడం మంచిది. ఒక ప్రాంతం వారు మరో ప్రాంతానికి వెళ్ళి దొంగ ఓట్లు వేస్తున్నారన్న భయంతో 1838లో పది రోజుల నివాస నియమాన్ని చేర్చారు. అదే వాక్యంలో ఓటరు ‘తెల్లజాతి’ పురుషుడై ఉండాలన్న మాటను కూడా అప్పుడే కొత్తగా చేర్చి, అంతవరకు ఆ రాష్ట్రంలో కొన్నిచోట్ల ఓటు వేస్తూ వచ్చిన నల్లజాతి స్వతంత్రుల ఓటు హక్కును తొలగించారు. చరిత్ర విద్యార్థి ఈ సంగతిని పక్కన పెట్టకూడదు. దొంగ ఓటు ఆపాలన్న న్యాయమైన ఆలోచనా, కొందరిని బయటికి నెట్టాలన్న అన్యాయమైన ఆలోచనా ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి.

వుడ్‌వర్డ్ తీర్పును చాలామంది పార్టీ ప్రేరితమన్నారు. ఆయన డెమోక్రాట్. మరుసటి ఏడాది ఆ పార్టీ తరఫున గవర్నరు పదవికి పోటీ చేసి ఆండ్రూ కర్టిన్ చేతిలో ఓడిపోయారు. సైనికుల ఓటు తీసేసిన వ్యక్తి అన్న నింద ఆ ప్రచారంలో ఆయనను వెంటాడింది. అయితే ఆ తీర్పును పార్టీ లెక్కగా మాత్రమే చూస్తే సరిపోదు. కనెక్టికట్ న్యాయమూర్తులు 1862లోనే తమ శాసనసభకు ఇచ్చిన సలహాలో ఇదే అభిప్రాయం చెప్పారు. మిచిగాన్ సుప్రీంకోర్టు 1865లో ఇదే దారిలో నడిచింది. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు మాత్రం 1863లో తమ రాష్ట్ర సైనికుల ఓటు చట్టాన్ని నిలబెట్టింది. అంటే యుద్ధం ఒక్కటే, సైన్యం ఒక్కటే. పక్కపక్క గుడారాల్లో ఉన్న ఇద్దరు సైనికులలో ఒకడికి ఓటుండి మరొకడికి లేకపోవడానికి కారణం వారి రాష్ట్రాల రాజ్యాంగాల్లోని మాటలూ, వాటికి న్యాయమూర్తులు చెప్పిన అర్థాలూ.

మొదటి సవరణలు, 1864

తీర్పు వచ్చిన వెంటనే పెన్సిల్వేనియాలో సవరణ ప్రయత్నం మొదలైంది. రెండు వరుస శాసనసభలు ఆమోదించాలి, ఆపైన ప్రజలు ఆమోదించాలి. 1863లోనూ 1864లోనూ శాసనసభ ఆమోదించింది. 1864 ఆగస్టు 2న ప్రజలు ఓటు వేసి సవరణను నెగ్గించారు. కనెక్టికట్ కూడా అదే నెలలో తన రాజ్యాంగాన్ని సవరించుకుంది. న్యూయార్క్ ఇంకా ముందే, మార్చిలో, ఆ పని ముగించింది. న్యూయార్క్ పద్ధతి విచిత్రమైనది. సైనికుడు బ్యాలెట్‌ను కవరులో పెట్టి, అంటించి, ఊళ్ళో తనకు నమ్మకమైన వ్యక్తికి పంపుతాడు. ఆ వ్యక్తి దాన్ని పోలింగ్ కేంద్రంలో అందిస్తాడు. మన దేశంలో 2003 నుంచి సైనిక దళాల ఓటర్లు సొంత ఊళ్ళో ఒక ప్రతినిధిని నియమించి అతని ద్వారా ఓటు వేయించే పద్ధతి అమల్లో ఉంది. రెండింటికీ కొంత పోలిక కనబడుతుంది.

భయాలు ఊరికే పుట్టలేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1864 అక్టోబరులో బాల్టిమోర్‌లో న్యూయార్క్ రాష్ట్ర ఏజెంట్లు కొందరిని అరెస్టు చేసి, సైనికుల పేరిట దొంగ సంతకాలతో ఓటు పత్రాలు తయారుచేశారన్న నేరంపై సైనిక విచారణ జరిపారు. ఓటరు కళ్ళెదుట లేనప్పుడు అతని చేతివ్రాతను ఎవరు పోల్చాలి అన్న ప్రశ్న అప్పటినుంచి నేటిదాకా ఈ చర్చను వదలలేదు.

1864 నవంబరు నాటికి 19 ఉత్తరాది రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో సైనికులకు ఉన్నచోటే ఓటు వేసే వీలు కల్పించాయి. సుమారు 1,50,000 మంది సైనికుల ఓట్లను వేరుగా లెక్కించగా నూటికి దాదాపు 78 లింకన్‌కు పడ్డాయి. ఇండియానా వంటి రాష్ట్రాలు వీలు కల్పించలేదు. అందుకే సెప్టెంబరులో లింకన్ సేనాని షెర్మన్‌కు ఉత్తరం రాసి, వీలైనంతమంది ఇండియానా సైనికులను అక్టోబరు రాష్ట్ర ఎన్నికకు ఇంటికి పంపమని కోరవలసి వచ్చింది. దేశాధ్యక్షుడు సేనానిని సెలవుల కోసం అడిగిన సందర్భమిది!

పట్టిక తెచ్చిన చిక్కు

సవరణలతో సమస్య తీరిందనుకోవచ్చు. తీరలేదు, రూపం మార్చుకుంది. 1864 సవరణ ‘సైనికులకు’ మాత్రమే వీలు కల్పించింది. యుద్ధం ముగిశాక రైలు ఉద్యోగులు, వ్యాపార ప్రయాణికులు, మంచం పట్టినవారు తమ సంగతేమిటని అడిగారు. పెన్సిల్వేనియా శాసనసభ 1923లో పౌరులకు కూడా గైర్హాజరు ఓటు ఇస్తూ చట్టం చేసింది. 1924లో రాష్ట్ర సుప్రీంకోర్టు లాంకస్టర్ నగరానికి చెందిన ఒక ఎన్నిక వివాదంలో దాన్ని కొట్టివేసింది. రాజ్యాంగం సైనికుల పేరు మాత్రమే చెప్పింది. ఒకరి పేరు చెప్పిందంటే చెప్పని మిగతావారికి లేదనే అర్థమని కోర్టు తర్కం. 1862 తీర్పు కూడా మళ్ళీ ముందుకు వచ్చింది.

ఈ తర్కాన్ని మీరు జాగ్రత్తగా పట్టుకోండి. పాఠంలో మిగతా భాగమంతా దీని మీదే నడుస్తుంది. హక్కును విస్తరించడానికి చేసిన సవరణే హక్కుకు హద్దుగా మారింది. ఆ తరవాత పెన్సిల్వేనియా ఏం చేసింది? పట్టికను పొడిగించుకుంటూ పోయింది. మంచాన ఉన్న మాజీ సైనికులను 1949లో చేర్చింది. ఉద్యోగం వల్ల ఊళ్ళో లేనివారిని, జబ్బుపడినవారిని 1957లో చేర్చింది. మతపరమైన పండుగ కారణంగా రాలేనివారిని 1985లో చేర్చింది. ప్రతిసారీ శాసనసభ రెండుసార్లు, ప్రజలు ఒకసారి ఆమోదించాలి. పొడిగించిన ప్రతిసారీ పట్టికలో లేనివారు ఎవరో మరింత స్పష్టంగా కనబడ్డారు.

‘ఇంతకు మించరాదు’, ‘ఇంతకు తగ్గరాదు’

రాజ్యాంగంలో ఉన్న పట్టికను రెండు విధాలుగా చదవవచ్చు. శాసనసభ ఇంతకు మించి ఇవ్వరాదన్నది ఒక పాఠం. ఇంతకు తగ్గరాదు, ఎక్కువ ఇస్తే అది శాసనసభ ఇష్టం అన్నది రెండో పాఠం. ఇటీవలి కాలంలో పొరుగు పొరుగు రాష్ట్రాలు ఈ రెండు పాఠాల మధ్య చీలిపోయాయి.

డెలావేర్ మొదటి పాఠానికి ఉదాహరణ. అక్కడ రాజ్యాంగ సవరణకు ప్రజల ఓటు అక్కర్లేదు. వరుసగా రెండు శాసనసభలు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదిస్తే చాలు. కారణం అడగని గైర్హాజరు ఓటు కోసం తెచ్చిన సవరణ మొదటి శాసనసభలో నెగ్గింది. 2021లో రెండోసారి కావలసిన మెజారిటీ రాక వీగిపోయింది. 2022లో శాసనసభ సవరణ మాట పక్కన పెట్టి, మామూలు చట్టంతోనే తపాలా ఓటును ఏర్పాటు చేసింది. అక్టోబరు 7న, నవంబరు ఎన్నికకు నెల రోజుల ముందు, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. రాజ్యాంగంలోని కారణాల పట్టిక పూర్తి పట్టిక, చట్టంతో దాన్ని దాటలేరని తీర్పు.

పెన్సిల్వేనియా ఈసారి రెండో పాఠం వైపు తిరిగింది. 2019 అక్టోబరు 31న గవర్నరు టామ్ వుల్ఫ్ సంతకం చేసిన 77వ చట్టం ఏ కారణమూ అడగకుండా తపాలా ఓటు ఇచ్చింది. దాన్ని తెచ్చినప్పుడు రెండు పార్టీలూ కలిసే తెచ్చాయి. 2020 ఎన్నికల తరవాత వైఖరులు మారాయి. 2022 జనవరిలో రాష్ట్రంలోని ఒక దిగువ న్యాయస్థానం 1862, 1924 తీర్పులను చూపి చట్టం చెల్లదంది. ఆగస్టు 2న రాష్ట్ర సుప్రీంకోర్టు 5-2 మెజారిటీతో ఆ నిర్ణయాన్ని తిప్పివేసింది. ‘ఓటు వేయజూపడం’ అన్న మాట స్వయంగా వచ్చి అందించడాన్ని విధించదనీ, 1862 నాటి అర్థం తప్పనీ చెప్పింది. పట్టికలోని వారికి శాసనసభ వీలు కల్పించి తీరాలి. మిగతావారికి కల్పించవద్దని రాజ్యాంగం అనలేదని వివరించింది. శిబిరాల్లో వేసిన ఆ ఓట్లను తీసేయించిన అర్థం తప్పని చెప్పడానికి అదే న్యాయస్థానానికి 160 ఏళ్లు పట్టింది.

న్యూయార్క్ కథ ఈ రెండింటికంటే చిక్కైనది. అక్కడి రాజ్యాంగం రెండో అధికరణలో కూడా ఊళ్ళో లేకపోవడం, జబ్బు, వైకల్యం అనే కారణాలే ఉన్నాయి. వాటిని తొలగించే సవరణను 2021 నవంబరులో ప్రజల ముందు పెట్టగా ఓటర్లు తిరస్కరించారు. 2023లో శాసనసభ ‘ముందస్తు తపాలా ఓటు’ పేరుతో దాదాపు అదే ఫలితాన్నిచ్చే చట్టం చేసింది. 2024 ఆగస్టులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 6-1తో దాన్ని నిలబెట్టింది. పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావాలని రాజ్యాంగం ఎక్కడా విధించలేదని ఆ తీర్పు సారాంశం. మరి అవసరమే లేని సవరణను 2021లో ప్రజలముందు ఎందుకు పెట్టినట్టు? సవరణ అవసరమని శాసనసభే చాలాకాలం నమ్మింది. న్యాయశాస్త్రపరంగా తీర్పు సమర్థనీయమే. అయినా ఈ రచయిత దృష్టిలో, ఒకసారి ప్రజలను అడిగి, వారు కాదన్నాక, రెండేళ్లకే అడగకుండా అదే పని చేయడంలో ఒక వెలితి ఉంది. మీరు దీనితో ఏకీభవించకపోవచ్చు. అయితే ఎందుకు ఏకీభవించరో రెండు వాక్యాల్లో మీ నోట్సులో రాసుకోండి.

కనెక్టికట్: పదేళ్ల ప్రయత్నం

ఇప్పుడు కనెక్టికట్‌కు వద్దాం. 1965 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ఆరో అధికరణ, ఏడో విభాగం మూడు రకాల ఓటర్లకు గైర్హాజరు ఓటు ఏర్పాటు చేయవచ్చని శాసనసభకు అధికారమిచ్చింది. ఎన్నిక రోజున తమ నగరం లేదా పట్టణం వెలుపల ఉన్నవారు మొదటి రకం. జబ్బు లేదా శారీరక వైకల్యం వల్ల పోలింగ్ కేంద్రానికి రాలేనివారు రెండో రకం. తమ మతాచారం ఆ రోజు లౌకిక వ్యవహారాలను నిషేధించేవారు మూడో రకం.

ఈ పట్టికలో లేనిది ఎవరు? అక్కడ పోలింగ్ ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా జరుగుతుంది. తన పట్టణంలోని ఆసుపత్రిలోనే పగలంతా డ్యూటీ చేసి, రాకపోకలతో ఆ వేళలన్నీ గడిచిపోయే నర్సు ఊరు దాటలేదు, ఆమెకు జబ్బూ లేదు. మంచాన ఉన్న తల్లిని విడిచి కదలలేని కూతురికి జబ్బు లేదు, తల్లికి ఉంది. వాహనం లేని కూలీకి పట్టికలో ఏ కారణమూ లేదు. పక్క పట్టణంలో ఆఫీసు ఉన్నవారికి మాత్రం కారణం సిద్ధంగా ఉంది. దరఖాస్తు మీద కారణానికి ఎదురుగా గుర్తు పెట్టి, అబద్ధమైతే శిక్షకు లోనవుతానని తెలిసి సంతకం చేయాలి. ఇలాంటి నిబంధన సాధారణంగా ఎవరిని ఆపుతుంది? నిజాయితీపరులను ఆపుతుంది. కారణాల పట్టికలతో ఉన్న అసలు ఇబ్బంది ఇదే.

అమెరికా పౌరసత్వం తీసుకుని కనెక్టికట్‌లో స్థిరపడిన తెలుగువారికి కూడా ఈ నియమాలే వర్తిస్తాయి. భారత పౌరసత్వం నిలుపుకున్నవారికి అక్కడ ఓటు లేదు. వారు 2010లో మన ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా పాస్‌పోర్టుతో సొంత నియోజకవర్గానికి రావాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొంది, 2019లో సభ రద్దుతో మురిగిపోయింది. ‘స్వయంగా రావడం’ అన్న షరతు ఎంత బరువైనదో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

కనెక్టికట్ రాజ్యాంగాన్ని సవరించడానికి రెండు మార్గాలున్నాయి. ఉభయ సభల్లో నాలుగింట మూడు వంతుల మెజారిటీ వస్తే ప్రతిపాదన నేరుగా ప్రజల ముందుకు వెళ్తుంది. సాధారణ మెజారిటీ మాత్రమే వస్తే, మధ్యలో ఒక ఎన్నిక జరిగాక వచ్చిన కొత్త శాసనసభ కూడా ఆమోదించాలి, తరవాత ప్రజలు. ఓటర్లే సంతకాలు సేకరించి సవరణ ప్రతిపాదించే పద్ధతి అక్కడ లేదు. మిచిగాన్‌లో అది ఉంది. 1865లో సైనికుల ఓట్లను తీసేసిన ఆ రాష్ట్రంలో 2018లో ప్రజలు ప్రతిపాదించిన సవరణకు దాదాపు మూడింట రెండు వంతుల ఓటర్లు మద్దతిచ్చారు. కారణం అడగని గైర్హాజరు ఓటు ఒక్క ఏడాదిలో రాజ్యాంగ హక్కు అయింది. కనెక్టికట్‌కు ఆ వేగం లేదు.

మొదటి ప్రయత్నం 2012, 2013 శాసనసభల ఆమోదంతో 2014 నవంబరులో బ్యాలెట్ మీదకు వచ్చింది. గైర్హాజరు బ్యాలెట్లపై ఉన్న పరిమితులు తొలగించడానికీ, ఎన్నిక రోజున పోలింగ్ కేంద్రానికి రాకుండా ఓటు వేయనివ్వడానికీ రాజ్యాంగాన్ని సవరించాలా అన్నది ప్రశ్న. ముందస్తు పోలింగ్, గైర్హాజరు ఓటు రెండూ ఆ ఒక్క ప్రశ్నలో కలిసిపోయాయి. చదివిన ఓటరుకు ఏది మారుతుందో, ఎంత మారుతుందో స్పష్టం కాలేదు. దాదాపు 52 శాతం మంది కాదన్నారు.

తరవాత కోవిడ్ వచ్చింది. 2020 ఆగస్టులో జరిగిన పార్టీల ప్రాథమిక ఎన్నికకు గవర్నరు ఉత్తర్వు ద్వారా, నవంబరు ఎన్నికకు శాసనసభ ప్రత్యేక చట్టం ద్వారా కోవిడ్‌ను గైర్హాజరు ఓటుకు కారణంగా చేర్చారు. ఉత్తర్వును కొందరు అభ్యర్థులు సవాలు చేశారు. ‘జబ్బు వల్ల’ అంటే ఓటరుకే జబ్బు ఉండాలని వారి వాదన. రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో వెలువరించిన వివరణలో దీన్ని ఒప్పుకోలేదు. జబ్బు ఎవరిదో రాజ్యాంగం చెప్పలేదు, సమాజంలో వ్యాపించిన వ్యాధి కూడా ఆ మాట కిందికి వస్తుందని చెప్పింది. 2022లో శాసనసభ తన చట్టంలోని ‘ఓటరు సొంత అనారోగ్యం’ అన్న ఇరుకు మాటను తీసేసి రాజ్యాంగంలోని విశాలమైన మాటనే పెట్టింది. దీనితో జబ్బుపడిన తల్లిని చూసుకునే కూతురికి దారి దొరికింది. అరవై ఏళ్లుగా రాజ్యాంగం అనుమతించినదాన్ని చట్టమే అడ్డుకుంటూ వచ్చిందన్న సంగతి అలా బయటపడింది. ఆసుపత్రి నర్సుకు మాత్రం ఇంకా దారి లేదు.

ఈసారి నాయకులు 2014 నుంచి ఒక పాఠం నేర్చారు. రెండు విషయాలను విడదీశారు. ముందస్తు పోలింగ్‌కు సంబంధించిన సవరణను 2019, 2021 శాసనసభలు ఆమోదించాయి. 2022లో సుమారు 60 శాతం ఓటర్లు ఒప్పుకున్నారు. గైర్హాజరు ఓటు సవరణ 2021లో ఒకసారి, 2023లో మరోసారి శాసనసభ దాటింది. 2024 నవంబరులో ప్రజల ముందుకు రావలసి ఉంది.

సరిగ్గా ఆ మధ్యలో బ్రిడ్జ్‌పోర్ట్ వ్యవహారం జరిగింది. అది కనెక్టికట్‌లో అతిపెద్ద నగరం. 2023 సెప్టెంబరులో అక్కడ మేయరు పదవికి జరిగిన డెమోక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో గైర్హాజరు బ్యాలెట్ల పెట్టెలో ఒకే వ్యక్తి అనేక కవర్లు వేస్తున్నట్టున్న దృశ్యాలు నిఘా కెమెరాల్లో బయటపడ్డాయి. నవంబరు 1న న్యాయమూర్తి ఆ ఫలితాన్ని పక్కన పెట్టి మళ్ళీ ఎన్నిక జరపమన్నారు. అది 2024 జనవరిలో జరిగింది. సవరణను వ్యతిరేకించేవారికి ఇంతకంటే బలమైన ఉదాహరణ ఏం కావాలి? సమర్థించేవారు మరో మాట అన్నారు. ఆ అక్రమాలు జరిగింది కారణాల పట్టిక అమల్లో ఉన్నప్పుడే కదా, పట్టిక వాటిని ఆపలేదు కదా అన్నారు. రెండు వాదనల్లోనూ నిజముంది. దొంగ ఓటును పట్టేది కెమెరా, సంతకాల పరిశీలన, కోర్టు. ఓటరు ఎందుకు రాలేడో చెప్పే గడి దాన్ని పట్టదు. కానీ ఎక్కువ బ్యాలెట్లు తపాలాలో తిరిగితే ఆ పరిశీలన పని కూడా పెరుగుతుందన్నది కాదనలేం.

2024 నవంబరు 5న అధ్యక్ష ఎన్నికతో పాటు జరిగిన ఓటింగులో సుమారు 58 శాతం మంది సవరణను ఆమోదించారు. పదేళ్ల కిందట వీగిపోయిన విషయం, బ్రిడ్జ్‌పోర్ట్ దృశ్యాలు చూసిన ఏడాదికే, నెగ్గింది.

అయితే ఆమోదించినది ఏమిటో సరిగ్గా చదవండి. మిచిగాన్ సవరణ ఓటరుకే నేరుగా హక్కు ఇచ్చింది. కనెక్టికట్ సవరణ హక్కు ఇవ్వలేదు. ప్రతి ఓటరుకూ గైర్హాజరు ఓటు వీలు కల్పించే అధికారాన్ని శాసనసభకు ఇచ్చింది, అంతే. పాత విభాగంలో ఉన్న ‘ఏర్పాటు చేయవచ్చు’ అన్న క్రియ కొత్తదానిలోనూ ఉంది. దరఖాస్తు ఎలా ఉండాలి, బ్యాలెట్ ఎప్పుడు పంపాలి, పెట్టెల దగ్గర నిఘా ఎలా ఉండాలి అన్నవన్నీ శాసనసభ మళ్ళీ కూర్చుని చట్టంగా రాయాలి. అంతవరకు పాత పట్టికే నడుస్తుంది. ఆ నవంబరు 5న సవరణకు అవునని ఓటు వేసినవారిలో గైర్హాజరు బ్యాలెట్ వాడినవారు కూడా, దరఖాస్తులో పాత కారణాలలో ఒకదానికి ఎదురుగా గుర్తు పెట్టి, కింద సంతకం చేసిన తరవాతే ఆ బ్యాలెట్ అందుకున్నారు.